గాలాడే వేడర్లు, నది బూట్లు: మధ్యస్థ ధరలో ఎంపిక

వేడర్లు అంటే చల్లటి నీళ్లలో నిలబడి గాలం వేసేవాళ్లు తొడుక్కునే నీరు చొరని లాగూలు. పాదం నుంచి ఛాతీ దాకా ఒకే తొడుగుగా ఉంటాయి. భుజాల మీద పట్టీలు, నడుముకు బెల్టు ఉంటాయి. తొడల దాకా వచ్చేవి, నడుం దాకా వచ్చేవి కూడా ఉన్నా నదుల్లో ఎక్కువగా కనిపించేది ఛాతీ రకమే. ఈకలు, దారాలతో కట్టిన ఈగబొమ్మను ఎరగా విసిరి ట్రౌట్, సాల్మన్ చేపలను పట్టే ఫ్లై ఫిషింగ్‌లో వీటి వాడకం మరీ ఎక్కువ. ట్రౌట్ బతికేది చల్లటి పారే నీళ్లలో. దారం వెనక్కి, ముందుకి ఊపి విసరాలంటే చుట్టూ చోటుండాలి కాబట్టి వేటగాడు ఒడ్డున ఉన్న కొమ్మలను వదిలి నదిలోకి దిగాలి. రెండు మూడు గంటలు మంచునీళ్లలో నిలబడి కాళ్లు కాపాడుకోవడం ఎలా అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టిన సరుకు ఇది.

అమెరికాలోని మోంటానా, వ్యోమింగ్, కొలరాడో రాష్ట్రాలు, స్కాట్లండ్, న్యూజీలాండ్ ఈ వేటకు పేరుపడ్డ చోట్లు. అమెరికా మార్కెట్లో ఛాతీ వేడర్లు 100 డాలర్ల లోపు నుంచి దాదాపు 1,000 డాలర్ల దాకా దొరుకుతాయి. అడుగు ధరలో సరుకు ఒకటి రెండు సీజన్లకే కారుతుంది. పైధరలో సరుకు ఏడాదికి వంద రోజులు నదిలో ఉండే గైడ్ల కోసం చేసింది. సెలవు రోజుల్లో వెళ్లే మనిషికి 150 నుంచి 300 డాలర్ల మధ్య వేడర్లు, 100 నుంచి 180 మధ్య బూట్లు సరిపోతాయి. ఈ వ్యాసం ఆ మధ్య వర్గం గురించే.

రబ్బరు నుంచి పొర దాకా

నీరు చొరని బట్టకు 1823లో గ్లాస్గోకు చెందిన చార్ల్స్ మాకింటాష్ పేటెంటు తీసుకున్నాడు. రెండు గుడ్డల మధ్య, నాఫ్తాలో కరిగించిన రబ్బరు పూయడం అతని పద్ధతి. ఎండకు అంటుకుపోవడం, చలికి బిర్రబిగుసుకుపోవడం ఆ బట్టకున్న జబ్బులు. గంధకం కలిపి కాచి రబ్బరును స్థిరపరిచే పద్ధతికి చార్ల్స్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికా పేటెంటు పొందాక అవి కుదిరాయి. ఆ తర్వాత చాలాకాలం వేడర్లంటే రబ్బరు పట్టించిన బరువైన గుడ్డే. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో తయారైన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో కొత్త తరం వేడర్లు వచ్చాయి. చలికాలంలో ఒంటికి వెచ్చగా ఉంటాయి. కాని కారు దిగి మైలు దూరం నడిచి నది చేరేసరికి లోపల చెమట కారిపోతుంది. బయటి తడి రాకుండా ఆపి, లోపలి తడిని లోపలే మూటగట్టడం వీటి పెద్ద లోపం.

ఆ లోపానికి మందు 1969లో దొరికింది. టెఫ్లాన్ పేరుతో జనం ఎరిగిన పీటీఎఫ్ఈ ప్లాస్టిక్ కడ్డీలను వేడిచేసి సాగదీయాలని రాబర్ట్ గోర్ ప్రయత్నిస్తున్నాడు. మెల్లగా లాగినకొద్దీ తెగిపోతున్నాయి. విసుగెత్తి ఒక కడ్డీని ఉన్నట్టుండి బలంగా గుంజాడు. అది తెగకపోగా దాదాపు 800 శాతం సాగింది. అలా సాగిన పదార్థం నిండా కంటికి ఆనని రంధ్రాలే. 1976 నుంచి గోర్‌టెక్స్ పేరుతో ఆ పొర అతికించిన బట్ట అమ్మకానికి వచ్చింది. 1980లో జాన్ సిమ్స్ స్థాపించిన సిమ్స్ కంపెనీ 1990ల తొలి ఏళ్లలో ఈ బట్టతో వేడర్లు కుట్టి వ్యాపారం తీరునే మార్చేసింది. ఇప్పుడు ఆర్విస్, ఫ్రాగ్ టాగ్స్, పటగోనియా, యూరప్‌లో డెకథ్లాన్ వారి కాపర్లాన్, అందరూ గాలాడే వేడర్లే ముందు పెడుతున్నారు. మంచులో కదలకుండా కూర్చుని బాతుల వేట చేసేవాళ్లు మాత్రం ఇంకా నియోప్రీన్‌నే ఇష్టపడతారు.

ఆవిరి బయటికి ఎలా పోతుంది

గోర్‌టెక్స్ పొరలో చదరపు అంగుళానికి సుమారు 900 కోట్ల రంధ్రాలుంటాయనీ, ఒక్కో రంధ్రం నీటిబొట్టు కంటే 20,000 రెట్లు చిన్నదనీ, ఆవిరి అణువు కంటే 700 రెట్లు పెద్దదనీ తయారీదారులు చెబుతారు. బొట్టు లోపలికి రాలేదు, ఆవిరి బయటికి పోగలదు. మధ్యస్థ ధర వేడర్లలో ఎక్కువగా ఉండేది పాలీయూరిథేన్ పొర. చాలావాటిలో దానికి రంధ్రాలే ఉండవు. తేమను తనలోకి పీల్చుకుని అవతలి వైపు వదులుతుంది. పని కాస్త నెమ్మది. అయితే చెమట, నూనె, మురికి పట్టి రంధ్రాలు పూడుకుపోయే బెడద దీనికి తక్కువ.

నీళ్లలో మునిగి ఉన్న బట్ట గుండా ఆవిరి ఎలా పోతుందని చాలామంది అడుగుతారు. సందేహం సబబైనదే. ఆవిరిని తోసేది లోపలికీ బయటికీ ఉన్న ఆవిరి పీడనాల తేడా. చర్మం దగ్గర 33 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటే అక్కడి తడిగాలిలో ఆవిరి పీడనం దాదాపు 5 కిలోపాస్కల్స్. బయట నది నీరు 10 డిగ్రీలైతే అక్కడ 1.2 మాత్రమే. తేడా బలంగా ఉంది కాబట్టి నీటిలో కూడా పొర ఎంతోకొంత పనిచేస్తుంది. అదే నీరు 30 డిగ్రీలైతే బయటి పీడనం 4.2కి చేరుతుంది, తోపు పోతుంది. అందుకే మే నెలలో కొల్లేటిలోనో నాగార్జునసాగర్ వెనక జలాల్లోనో వెయ్యి డాలర్ల వేడరు కూడా గాలాడదు. అలాంటి నీళ్లలో త్వరగా ఆరే లాగూ, నది బూట్లు వేసుకుని నేరుగా దిగడమే తెలివి. అమెరికాలో కూడా జూలై, ఆగస్టుల్లో చాలామంది అదే చేస్తారు.

అట్టపెట్టె మీద రాసే అంకెలతో జాగ్రత్తగా ఉండాలి. నీటి పీడనం తట్టుకునే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. నడుం లోతు, అంటే మీటరు లోతు నీరు పాదం మీద మోపేది 1,000 మిల్లీమీటర్ల పీడనమే. 10,000 అని ఉన్న బట్ట అవసరానికి మించి గట్టిది. మోకాలు రాతి మీద ఆనించినప్పుడు, బండ మీద కూర్చున్నప్పుడు ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఆ మిగులు కావాలి. గాలాడే శక్తిని ఒక చదరపు మీటరు గుండా 24 గంటల్లో పోయే ఆవిరి బరువుగా గ్రాముల్లో రాస్తారు. దీనికి పరీక్షా పద్ధతులు చాలా ఉన్నాయి. ఒక్క జపాన్ ప్రమాణం జేఐఎస్ ఎల్ 1099లోనే పలు రకాలున్నాయి. ఒకే బట్ట ఒక పద్ధతిలో తక్కువ అంకె, ఇంకో పద్ధతిలో ఎంతో ఎక్కువ అంకె చూపిస్తుంది. ఏ పరీక్షో చెప్పని అంకెతో రెండు కంపెనీల సరుకును పోల్చడం వృథా.

లోపల వేసుకునే బట్ట ప్రభావం పొర ప్రభావం కంటే తక్కువేమీ కాదు. జీన్స్ మీద వేడర్లు తొడిగితే నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. ‘వేడరు కారుతోంది’ అని దుకాణానికి తిరిగొచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం ఇదే. ఉన్ని, పాలిస్టర్ బట్టలైతే తేమను పొర దాకా చేరవేస్తాయి. కాలంతా సమంగా చెమ్మగా ఉంటే అది చెమట. ఒక్కచోట, ముఖ్యంగా తొడల మధ్యనో మడమ దగ్గరో చల్లగా తడి తగిలితే అది చిల్లు.

కుట్టు, కొలత

కంపెనీలు మూడు పొరలు, నాలుగు పొరలు, అయిదు పొరలు అని గొప్పగా చెప్పుకుంటాయి. పైన నైలాన్ లేదా పాలిస్టర్ బట్ట, మధ్యలో నీరు ఆపే పొర, లోపల మెత్తని జాలిబట్ట కలిస్తే మూడు. ఆ పైన చేర్చేవి గట్టిదనానికే. మధ్యస్థ ధరలో మంచి పద్ధతి ఛాతీ దగ్గర తక్కువ పొరలు, నడుం కింద ఎక్కువ పొరలు వేయడం. ముళ్లకంపలు, రాళ్లు తగిలేది కిందే కదా.

వేడరు చిరుగు వల్ల పాడయ్యేది తక్కువ, కుట్టు వల్ల పాడయ్యేదే ఎక్కువ. కుట్టు లోపలివైపు నీరు చొరకుండా టేపు వేడిచేసి అతికిస్తారు. తొడల లోపలి భాగాన కుట్టు ఉంటే నడిచిన ప్రతి అడుగుకీ రెండు కాళ్లూ అక్కడే రాసుకుంటాయి. అందుకే మంచి నమూనాల్లో ఆ కుట్టును కాలు ముందుకో వెనక్కో జరుపుతారు. కొనేముందు వేడరును తిరగేసి టేపు అంచులు వేలితో తడమాలి. ఎక్కడైనా గోరుకు లేచి వస్తుంటే, ధర ఎంత తక్కువైనా వద్దు. బట్ట కాలు నియోప్రీన్ పాదంతో కలిసే చోటు ఇంకో బలహీన స్థానం.

కొలత విషయంలో పొదుపు పనికిరాదు. చలికాలపు లోదుస్తులు వేసుకుని, వేడరు తొడిగి, దుకాణంలోనే కుర్చీ మీదికి కాలు ఎత్తి ఎక్కాలి, గొంతుకూర్చోవాలి. మోకాలి దగ్గర లేదా పిరుదుల దగ్గర బట్ట బిగిస్తే నదిలో మొదటి బండ ఎక్కగానే కుట్టు మీద భారం పడుతుంది. మరీ వదులైతే మడతలు ఒకదానికొకటి రాసుకుని పొర అరుగుతుంది, పారే నీటిలో ఆ బట్టను ప్రవాహం పట్టి లాగుతుంది. పొడుగు, నడుం, పాదం మూడూ వేరువేరుగా కొలిచి ఎక్కువ సైజులు పెట్టే కంపెనీని ఎంచుకోవడం, ఒక పొర ఎక్కువున్న కంపెనీని ఎంచుకోవడం కంటే మేలు. ఆడవాళ్ల కొలతలకు వేరుగా కుట్టినవి ఇప్పుడు మధ్యస్థ ధరలోనూ దొరుకుతున్నాయి. మగవాళ్ల చిన్న సైజుతో సరిపెట్టుకోనక్కరలేదు.

నీరు చొరని జిప్పు సౌకర్యమే. కాని అది ధరను వందల డాలర్లు పెంచుతుంది, ఇసుక పడితే మొరాయిస్తుంది. ఈ బడ్జెట్‌లో దాన్ని మరచిపోవచ్చు. పట్టీలు విప్పి ఛాతీ భాగాన్ని నడుందాకా మడుచుకునే వీలు మాత్రం తప్పక చూడాలి. ఎండలో నడిచేటప్పుడు ఎంత మంచి పొరా ఇవ్వని గాలి ఆ మడతతో వస్తుంది.

బూట్లు

వేడర్లలో బూటు కలిసిపోయినవి కొన్ని, నియోప్రీన్ మేజోడు మాత్రమే ఉండి బూటు వేరుగా కొనుక్కోవలసినవి కొన్ని. మొదటి రకం తొడగడం తేలిక, సముద్రపు అలల్లో ఇసుక లోపలికి రాదు. కాని చీలమండకు పట్టు ఉండదు. రాళ్ల నదుల్లో నడవాలంటే రెండో రకమే కావాలి. మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ మేజోడు, లోపల ఉన్ని మేజోడు కలిసి బూటులో చాలా చోటు తీసుకుంటాయి. చాలా కంపెనీలు ఆ లెక్క వేసే సైజు పెడతాయి. అయినా వేడరు తొడిగే బూటు చూసుకోవాలి. వేళ్లు కదలాలి. బిగుతుగా ఉంటే రక్తప్రసరణ తగ్గి పాదమే ముందుగా మొద్దుబారుతుంది.

బూటు పైభాగం కృత్రిమ తోలుదైతే మంచిది. అసలు తోలు తడిసి ఎండినప్పుడల్లా కుంచించుకుపోయి గట్టిపడుతుంది. పక్కల నీరు కారిపోయే రంధ్రాలు, బొటనవేలి దగ్గర రబ్బరు కవచం, అడుగు అట్టకు బంకే కాక కుట్టు కూడా ఉండటం చూడాలి. చవక బూట్లలో మొదట ఊడేది అట్టే. వేడరు కాలి చివర ఉండే సాగే పట్టీని బూటు తాడుకు కొక్కెంతో తగిలించాలి. లేకపోతే గులకరాళ్లు బూటులో చేరి నియోప్రీన్‌ను లోపలినుంచి కోసేస్తాయి.

అడుగు అట్ట: ఫెల్ట్ గొడవ

నాచు పట్టిన గుండ్రటి రాళ్ల మీద ఒత్తి చేసిన ఉన్నిలాంటి ఫెల్ట్ అట్ట పట్టుకున్నట్టు మరేదీ పట్టుకోదని పాత వేటగాళ్లు నేటికీ అంటారు. బురదలో, తడి గడ్డి మీద మాత్రం అదే ఫెల్ట్ జారుతుంది, మంచులో నడిస్తే అడుగున గడ్డలు కడుతుంది. ఇవి చిన్న సమస్యలు. పెద్ద సమస్య అది ఆరకపోవడం. 2004లో న్యూజీలాండ్ దక్షిణ దీవిలోని వయావు నది దిగువన డిడిమో అనే శైవలం బయటపడింది. రాళ్ల మీద గోధుమరంగు బొంతలా పరుచుకుంటుంది. తడి ఫెల్ట్‌లో సూక్ష్మజీవులు చాలాసేపు బతికి ఒక నది నుంచి ఇంకో నదికి చేరతాయని న్యూజీలాండ్ 2008లో ఫెల్ట్ అట్టలను నిషేధించింది. అమెరికాలో మేరీలాండ్, వెర్మాంట్ 2011లో అదే దారి పట్టాయి. సిమ్స్ ఒక దశలో ఫెల్ట్ బూట్లు పూర్తిగా మానేసి, కొనేవాళ్ల గోలతో మళ్లీ తెచ్చింది.

కథ అక్కడితో ముగియలేదు. డిడిమో అమెరికా నదుల్లో చాలాచోట్ల మొదటినుంచీ ఉన్నదేననీ, నీటిలో భాస్వరం బాగా తగ్గినప్పుడు అది విజృంభిస్తుందనీ మాక్స్ బాత్‌వెల్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు 2014లో వాదించారు. వెర్మాంట్ 2016లో నిషేధం ఎత్తేసింది. మరోవైపు యెల్లోస్టోన్ జాతీయ వనం 2018లో ఫెల్ట్‌ను నిషేధించింది. డిడిమో ఒక్కటే కాదు, ట్రౌట్ పిల్లలకు సోకే గిరగిర జబ్బు పరాన్నజీవి, న్యూజీలాండ్ బురద నత్త కూడా తడి సామగ్రితో ప్రయాణించేవే. ఫెల్ట్ ఒక్కటే దోషి అనడం అన్యాయం. తడి మేజోళ్లు, తాళ్లు కూడా మోసుకుపోతాయి. ఆరడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకునేది మాత్రం ఫెల్టే.

రెండో మార్గం మెత్తటి రబ్బరు. ఇటలీకి చెందిన విబ్రామ్ వారి ఇడ్రోగ్రిప్ రబ్బరు వీటిలో పేరున్నది. పొడి దారిలో నడకకు రబ్బరే హాయి. కాని నాచు మీద ఒక్క రబ్బరు చాలదు. అందుకని అట్టలో టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు బిగిస్తారు. నాచును చీల్చుకుని రాతిని పట్టేవి అవే. మేకులు రాతి మీద చప్పుడు చేస్తాయి, పడవ నేల గీరుకుపోతుంది కాబట్టి పడవ నడిపే గైడ్లు చాలామంది వాటిని ఎక్కనివ్వరు. మధ్యస్థ బడ్జెట్ మనిషి రబ్బరు అట్ట బూటు కొని, దానికి సరిపోయే మేకులు తర్వాత విడిగా కొని తనే బిగించుకోవడం మంచి పద్ధతి. ఏ రాష్ట్రం నిషేధమూ అడ్డు రాదు, పడవ ఎక్కేరోజు మేకులు విప్పేసుకోవచ్చు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

చేతిలో 350 డాలర్లు ఉన్నాయనుకుందాం. చాలామంది 280 వేడర్లకు పెట్టి మిగిలిన దానితో ఏదో ఒక బూటు కొంటారు. ఇది తలకిందుల లెక్క. వేడరు కారితే కాలు తడుస్తుంది, ఇంటికొచ్చి అతుకు వేసుకోవచ్చు. బూటు జారితే మనిషే పడతాడు. వేడర్లకు 200, బూట్లూ మేకులూ కలిపి 150 అన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. బూటు రెండు వేడర్ల జీవితకాలం పనిచేసినా ఆశ్చర్యం లేదు.

శరత్కాలం చివర్లో, కొత్త నమూనాలు వచ్చే ముందు దుకాణాలు పాతవాటిని తగ్గింపు ధరకు వదిలించుకుంటాయి. రంగు మారడం తప్ప చాలాసార్లు తేడా ఏమీ ఉండదు. హామీ షరతులు చదవాలి. కుట్టు లోపానికి కొత్తది ఇస్తారా, బాగుచేసి ఇస్తారా, ఎన్నాళ్ల వరకు అన్నవి చూడాలి. వాడిన సరుకు కొనేటప్పుడు టేపులు, పాదం అతుకు, తొడల మధ్య చూడకుండా డబ్బు ఇవ్వరాదు. యెల్లోస్టోన్ చుట్టుపక్కల ఊళ్లలో వేడర్లూ బూట్లూ అద్దెకు ఇచ్చే దుకాణాలున్నాయి. ఏడాదికి ఒక్కసారే వెళ్లేవాళ్లకు కొనడం కంటే అదే లాభం. సియాటిల్‌కు యాకిమా నది, డెన్వర్‌కు సౌత్ ప్లాట్ నది దగ్గరే కాబట్టి ఆ నగరాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు మాత్రం సొంత సామగ్రి కొన్న డబ్బు త్వరగానే గిట్టుతుంది.

నీటిని విదిల్చే పైపూత రసాయనాల మీద ఇప్పుడు చట్టాలు వస్తున్నాయి. ఆ పూతల్లో వాడుతూ వచ్చిన పీఫాస్ రసాయనాలు కలిపిన దుస్తుల అమ్మకాన్ని కాలిఫోర్నియా 2025 నుంచి ఆపింది. బాగా తడిసే చోట వాడే ప్రత్యేక దుస్తులకు 2028 దాకా గడువు ఇచ్చింది. పీఫాస్ లేని కొత్త పూతలు మురికిని త్వరగా పట్టుకుంటాయి కాబట్టి ఉతకడం, పూత మళ్లీ వేయడం తరచుగా చేయాలి.

బెల్టు, ప్రమాదం

వేడర్లలో నీరు నిండితే మనిషిని అడుక్కు లాగేస్తాయన్న భయం పాతది. అమెరికన్ వేటగాడు లీ వుల్ఫ్ వేడర్లతో వంతెన మీదినుంచి నదిలోకి దూకి అది అపోహ అని చూపించాడు. నీటిలో ఉన్నంతసేపు లోపలి నీటికి బరువు ఉండదు. ఒడ్డెక్కేటప్పుడు మాత్రం ఆ నీరంతా కాళ్లకు వేలాడుతుంది, వేగంగా పారే నీటిలో అదే ప్రాణం మీదికి తెస్తుంది. నడుం బెల్టు బిగించి ఉంటే నీరు కాళ్లలోకి చేరడం బాగా ఆలస్యమవుతుంది. బెల్టు లేకుండా వేడరు తొడగనే కూడదు. చేతికర్ర పట్టుకుని, ప్రవాహానికి ఎదురు కాకుండా కొంచెం కిందికి ఏటవాలుగా దాటాలి. పడితే వెల్లకిలా, పాదాలు దిగువకు పెట్టి తేలాలి.

ఆరబెట్టడం, అతుకు

ఇంటికి రాగానే తిరగేసి నీడలో వేలాడదీయాలి. తడిగా మడిచి కారు డిక్కీలో వదిలేస్తే బూజు పట్టి, టేపు బంక వదులుతుంది. సూదిమొనంత చిల్లు వెతకడానికి గోర్‌టెక్స్ రకంలో ఒక ఉపాయం ఉంది. లోపలివైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లితే చిల్లున్న చోట నల్లటి చుక్క కనిపిస్తుంది. పాలీయూరిథేన్ పొరకు ఇది సరిగా పనిచేయదు. దాన్ని గాలి ఊది సబ్బునీళ్లు పూసి బుడగలు చూడాలి. యూరిథేన్ బంక ఒక చుక్క రాసి రాత్రంతా ఆరనిస్తే చిల్లు పూడుతుంది.

నది మారేటప్పుడు డిడిమో వ్యాపించకుండా న్యూజీలాండ్ అధికారులు చెప్పిన పద్ధతి అందరికీ పనికొస్తుంది: మట్టి, నాచు దులపాలి, గిన్నెలు తోమే ద్రావకం అయిదు శాతం కలిపిన నీటితో కడగాలి, లేదా ముట్టుకుంటే పొడిగా ఉన్నాక ఇంకో 48 గంటలు ఆరనివ్వాలి.

భారతదేశంలో

ఇక్కడ ట్రౌట్ బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన చేప. కశ్మీరుకు 1899లో పంపిన గుడ్లు పాడైపోగా, 1900లో స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. ఆ తర్వాత కులూ లోయకు, నీలగిరులకు కూడా ట్రౌట్ చేరింది. తెలుగు రాష్ట్రాల నదుల్లో ఈ చేప లేదు, నీరు చల్లగా ఉండదు కాబట్టి వేడర్ల అవసరమూ లేదు. హిమాచల్‌లోని తీర్థన్ నదికో కశ్మీరులోని లిద్దర్‌కో వెళ్లేవాళ్లకు వసంతంలో మంచు కరిగే వేళ ఇవి కావాలి. అక్కడి గుండ్రాళ్లు నున్నగా ఉంటాయి కాబట్టి మేకులున్న బూటు తీసుకెళ్లండి. మత్స్యశాఖ లైసెన్సు ముందే తీసుకోండి. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ వేట నిషేధం.